ఏటి ఈతకు లంక మేత: తాత్కాలిక రైలు ప్రయాణానికి చౌక టికెట్టు ఎంచుకొనే గణితం

ఏరు ఈది లంకకు వెళ్ళి గడ్డి మేసివచ్చిన గేదెకు, మేతవల్ల వచ్చిన బలం కాస్తా తిరుగు ఈతకే ఖర్చయిపోతుందని మన పెద్దలు చెప్పిన సామెత ఒకటున్నది. ‘ఏటి ఈతకు లంక మేతకు సరి’ అన్న ఆ మాటలో ఒక గణితసూత్రం దాగి ఉన్నదని నాకు తెలిసివచ్చింది ఏ పాఠశాలలోనూ కాదు, మిల్టన్ కీన్స్ రైలుస్టేషనులో, టికెట్ల కిటికీ ముందు.

ఇంగ్లండులో స్థిరపడిన మనవారికి రైలు ప్రయాణం కొత్త కాదు. ఏళ్ళ తరబడి ఒకే ఉద్యోగానికి వెళ్ళివచ్చేవారికి టికెట్టు విషయంలో పెద్ద సందేహమూ ఉండదు. చిక్కల్లా తాత్కాలికంగా వెళ్ళేవారితోనే. మూడు నెలల ప్రాజెక్టుకు వచ్చిన ఇంజనీరు, వేసవి శిక్షణకు లండను వెళ్ళే విద్యార్థిని, ఆసుపత్రిలో పరిశీలకురాలిగా కొన్ని వారాలు గడిపే వైద్యురాలు - వీరందరిదీ ఒకే ప్రశ్న. ఎన్ని రోజులు వెళ్ళవలసి వస్తుందో నిశ్చయంగా తెలియనప్పుడు ఏ టికెట్టు కొనాలి? ఈ ప్రశ్నను శాస్త్రీయంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఇంటి అనుభవం

2023 సెప్టెంబరులో మా మేనకోడలు తెనాలి నుంచి మా ఇంటికి వచ్చింది. వయస్సు 27. వైద్యపట్టా పొంది, ఇక్కడి అర్హతపరీక్షలో ఉత్తీర్ణురాలై, లండనులోని ఒక ఆసుపత్రిలో ఆరు వారాలు పరిశీలకురాలిగా ఉండేందుకు అనుమతి సంపాదించుకొన్నది. అది జీతం లేని పని. విశ్రాంత ఉపాధ్యాయులైన మా బావగారు పంపిన డబ్బుతోనే ఆమె ప్రతి ఖర్చూ గడవాలి. ఒక పౌను తీసినప్పుడల్లా మనస్సులో నూరు రూపాయల పైచిలుకు లెక్క వేసుకొనే రోజులవి. మనలో చాలామందిమి ఆ రోజులు దాటివచ్చినవాళ్ళమే.

‘నెల టికెట్టు తీసుకో తల్లీ, విడివిడిగా కొంటే తడిసి మోపెడవుతుంది’ అని సలహా ఇచ్చినవాడిని నేనే. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నవాడిని గదా, లెక్క వేయవలసిన అవసరం కనిపించలేదు. మొదటి వారం ఐదు రోజులూ వెళ్ళింది. ఆ శుక్రవారం సాయంత్రం, స్థలం చాలనందువల్ల ఇకపై వారానికి మూడు రోజులు వస్తే చాలునని చెప్పి పంపించారు. ఆ తరువాత ఏం జరిగిందో చివర చెబుతాను. ముందు లెక్క చూద్దాం.

టికెట్ల తీరుతెన్నులు

ఇంగ్లండులో నగరానికి రోజూ రైలులో వెళ్ళివచ్చేవారికి ముఖ్యంగా నాలుగు మార్గాలున్నవి.

మొదటిది ఏ రోజుకు ఆ రోజు కొనుక్కొనే రానుపోను టికెట్టు. ఉదయపు రద్దీవేళ దీని ధర ఎక్కువ. రద్దీ తగ్గిన తరువాత బయలుదేరగలిగితే తక్కువ.

రెండవది సీజను టికెట్టు. దీనిని ఏడు రోజులకు గాని, ఒక నెల మొదలుకొని ఏడాది వరకు ఎంత కాలానికైనా గాని తీసుకోవచ్చు. వీటి ధరల మధ్య నిర్ణీతమైన సంబంధం ఉన్నది. నెల టికెట్టు వెల వారం టికెట్టు వెలకు 3.84 రెట్లు. ఏడాది టికెట్టు వెల వారం టికెట్టుకు 40 రెట్లు. అంటే ఏడాది టికెట్టు కొన్నవారు 40 వారాల సొమ్ముతో 52 వారాలు తిరుగుతారు. 40ని 3.84తో భాగిస్తే సుమారు 10.4 వస్తుంది. కనుక పది నెలల పన్నెండు రోజులకు మించి ప్రయాణించేవారికే ఏడాది టికెట్టు లాభసాటి. తాత్కాలిక ప్రయాణికులు దాని జోలికి పోనక్కరలేదు.

మూడవది 2021 జూన్‌లో ప్రవేశపెట్టిన ఫ్లెక్సీ సీజను టికెట్టు. కరోనా అనంతరం వారానికి రెండు మూడు రోజులే కార్యాలయానికి వెళ్ళేవారిని దృష్టిలో పెట్టుకొని దీనిని ఏర్పాటు చేశారు. 28 రోజుల గడువులో మనకు నచ్చిన ఏ 8 రోజులైనా ప్రయాణించవచ్చు. గడువు దాటితే మిగిలిన రోజులు వృథా అవుతాయి.

నాలుగవది రైలుకార్డు. ఇది టికెట్టు కాదు, రాయితీ పత్రం. ఏడాదికి ఒకసారి కొంత రుసుము చెల్లిస్తే, ఆపైన కొనే చాలా టికెట్ల ధరలో మూడవవంతు తగ్గుతుంది. 16 నుంచి 25 ఏళ్ళవారికి, 26 నుంచి 30 ఏళ్ళవారికి, 60 దాటినవారికి, కలిసి ప్రయాణించే ఇద్దరికి - ఇలా వేరువేరు కార్డులున్నవి. వీటికి షరతులూ ఉన్నవి. ఉదయం వేళల్లో కొన్ని కార్డులు చెల్లవు. యువతకు ఇచ్చే కార్డులు చెల్లుతాయి గాని, ఒక కనీస ధరకు దిగువన రాయితీ ఉండదు. సీజను టికెట్లకు ఈ కార్డులు సాధారణంగా వర్తించవు.

సమతుల్య బిందువు

ఇప్పుడు లెక్క సులభంగా సాగేందుకు కొన్ని గుండ్రని అంకెలు అనుకొందాం. మీ ఊరి ధరలు వేరుగా ఉంటాయి. పద్ధతి మాత్రం ఒకటే. రోజువారీ రానుపోను టికెట్టు 24 పౌన్లు. వారం టికెట్టు 96 పౌన్లు. అప్పుడు నెల టికెట్టు 96 × 3.84 = 368.64 పౌన్లు. ఎనిమిది రోజుల ఫ్లెక్సీ టికెట్టు 168 పౌన్లు, అంటే రోజుకు 21. రైలుకార్డు 35 పౌన్లు. కార్డు ఉన్నవారికి రోజువారీ టికెట్టు 16 పౌన్లు.

వారం టికెట్టు వెలను రోజువారీ టికెట్టు వెలతో భాగించండి. 96ను 24తో భాగిస్తే 4. వారానికి సరిగా నాలుగు రోజులు వెళ్ళేవారికి ఏది కొన్నా ఒకటే. ఏటి ఈతకు లంక మేత సరి. ఐదవ రోజు కూడా వెళితే వారం టికెట్టు లాభం. మూడు రోజులే వెళితే నష్టం. రెండు ఖర్చులు సమానమయ్యే ఆ అంకెనే గణితంలో సమతుల్య బిందువు అంటారు. ఏ టికెట్టునైనా కొనేముందు ఈ ఒక్క భాగహారం చేసుకొంటే సగం పొరపాట్లు తప్పిపోతాయి.

ఇదే పద్ధతిని నాలుగు వారాలకు విస్తరించి చూద్దాం.

వారానికి 2 రోజులు (మొత్తం 8 రోజులు): విడి టికెట్లకు 192 పౌన్లు, ఫ్లెక్సీకి 168, నెల టికెట్టుకు 368.64; రైలుకార్డు కొని విడి టికెట్లు తీసుకొంటే 35 + 128 = 163.

వారానికి 3 రోజులు (12 రోజులు): విడి టికెట్లకు 288, ఒక ఫ్లెక్సీ, నాలుగు విడి టికెట్లు కలిపి 264, నెల టికెట్టుకు 368.64; రైలుకార్డుతో 35 + 192 = 227.

వారానికి 4 రోజులు (16 రోజులు): విడి టికెట్లకు 384, రెండు ఫ్లెక్సీలకు 336, నెల టికెట్టుకు 368.64; రైలుకార్డుతో 35 + 256 = 291.

వారానికి 5 రోజులు (20 రోజులు): విడి టికెట్లకు 480, రెండు ఫ్లెక్సీలు, నాలుగు విడి టికెట్లు కలిపి 432, నెల టికెట్టుకు 368.64; రైలుకార్డుతో 35 + 320 = 355.

ఈ పట్టిక చూస్తే రెండు సంగతులు బోధపడతాయి. రైలుకార్డుకు అర్హత లేనివారికి, వారానికి నాలుగు రోజుల వరకు ఫ్లెక్సీ, ఐదు రోజులైతే నెల టికెట్టు చౌక. కార్డుకు అర్హత ఉన్నవారికి మాత్రం లెక్క తలక్రిందులవుతుంది. ఐదు రోజులూ వెళ్ళినా వారికి విడి టికెట్లే చౌకగా ఉండవచ్చు. ‘సీజను టికెట్టంటే చౌక’ అన్న మన స్థిరాభిప్రాయం ఇక్కడే దెబ్బతింటుంది.

అయితే ఒక సూక్ష్మం మరువరాదు. నెల టికెట్టు 28 రోజులు కాక, పూర్తి నెల చెల్లుతుంది. ఒక నెలలో 22 పనిదినాలు పడితే కార్డుతో మొదటినెల ఖర్చు 35 + 352 = 387 అవుతుంది. అప్పుడు నెల టికెట్టే చౌక. పైగా సీజను టికెట్టు ఉన్నవారు శని ఆదివారాలలో కూడా అదే మార్గంలో ఎన్నిసార్లయినా తిరగవచ్చు. కనుక క్యాలెండరు దగ్గర పెట్టుకొని సెలవులు, పండుగలు తీసివేసి, నిజంగా వెళ్ళే రోజులను లెక్కించడం అవసరం. మన ఊళ్ళలోనూ ఇంతే గదా! కాజీపేట నుంచి సికింద్రాబాదుకు సీజను టికెట్టుతో వెళ్ళివచ్చే ఉద్యోగి, దీర్ఘకాలం సెలవు పెట్టదలచుకొంటే ఆ నెల టికెట్టును కొత్తగా తీసుకోడు.

భవిష్యత్తు తెలియనప్పుడు

ఇంతవరకు చెప్పినదంతా ఎన్ని రోజులు వెళతామో తెలిసినవారి మాట. అసలు చిక్కు అది తెలియకపోవడంలోనే ఉన్నది. ప్రాజెక్టు పొడిగిస్తారో ఆపివేస్తారో, ఇంటినుంచే పనిచేయమంటారో ఎవరికి తెలుసు? సంభావ్యతలు ఊహించుకోవడానికి కూడా ఆధారం లేనప్పుడు గణితం ఏమైనా సహాయం చేయగలదా?

చేయగలదు. కంప్యూటరు శాస్త్రంలో దీనిని ‘స్కీల అద్దె సమస్య’ అంటారు. మంచుమీద జారే క్రీడకు వెళ్ళినవాడు స్కీలను రోజువారీ అద్దెకు తీసుకోవాలా, లేక కొనేయాలా? ఎన్ని రోజులు ఆడతాడో అతనికి తెలియదు. దీనికి చెప్పిన ఉపాయం చాలా సరళమైనది. చెల్లించిన అద్దె మొత్తం కొనుగోలు వెలతో సమానమయ్యేవరకు అద్దెకే తీసుకో, అది సమానం కాగానే కొనేయి. అలా చేసినవాడు, భవిష్యత్తు ముందే తెలిసినవాడు పెట్టే ఖర్చుకు రెండు రెట్లకు మించి ఎన్నటికీ నష్టపోడు. మనవారిలో చాలామంది చేసే కంప్యూటరు వృత్తిలో ఇదే సూత్రం వేరే రూపంలో కనిపిస్తుంది. ఒక వనరు ఖాళీ అయ్యేదాకా ప్రాసెసరు ఊరికే వేచి ఉండాలా, లేక ఖర్చుకు ఓర్చి మరొక పనికి మారాలా అన్నదీ ఈ తరహా ప్రశ్నే.

ఇక రైలుకార్డుకు వద్దాం. జర్మనీలో 1992లో బాన్‌కార్డు అనే రాయితీ కార్డును ప్రవేశపెట్టారు. దానిని ఎప్పుడు కొనాలన్న ప్రశ్నను రుడాల్ఫ్ ఫ్లైషర్ అనే శాస్త్రవేత్త 2001లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో విశ్లేషించాడు. ‘బాన్‌కార్డు సమస్య’గా అది ప్రసిద్ధి పొందింది.

దానిని మన అంకెలకు అన్వయిద్దాం. కార్డు వెల 35 పౌన్లు, రాయితీ మూడవవంతు. 105 పౌన్ల టికెట్లమీద వచ్చే రాయితీ సరిగా 35 పౌన్లు. కనుక సమతుల్య బిందువు 105. ఎన్నిసార్లు ప్రయాణిస్తామో బొత్తిగా తెలియనివారు పాటించవలసిన నియమం ఇది: పూర్తి ధరకే టికెట్లు కొంటూ పోండి, కొన్న టికెట్ల మొత్తం 105 పౌన్లకు చేరగానే కార్డు కొనండి.

ఈ నియమంవల్ల గరిష్ఠ నష్టం ఎంత? 105 పౌన్లు ఖర్చుచేసి, కార్డు కొన్న మరుక్షణమే ప్రయాణాలు ఆగిపోయాయనుకొందాం. అంతకన్నా దురదృష్టం ఉండదు. అప్పుడు మన ఖర్చు 105 + 35 = 140. భవిష్యత్తు ముందే తెలిసినవాడికైతే కార్డు లేకుండా 105. కార్డుతో 70 + 35, అదీ 105. ఏ విధంగా చూసినా అతని ఖర్చు 105. 140ని 105తో భాగిస్తే మూడింట నాలుగు వంతులు. అంటే మన నష్టం ఎంత చెడ్డగా పరిణమించినా మూడవవంతుకు మించదు. ప్రయాణాలు ఇంకా సాగినకొద్దీ ఆ నిష్పత్తి తగ్గుతూ పోతుంది. జోస్యం తెలియనివాడికి ఇంతకన్నా మంచి హామీ ఇచ్చే స్థిరమైన నియమం మరొకటి లేదని కూడా ఆ పత్రం నిరూపించింది.

ఇది ఏమీ తెలియనివారి నియమం. కొంతైనా తెలిసినవారు అంతవరకు ఆగనక్కరలేదు. రెండు వారాలు తప్పక వెళతామని నిశ్చయంగా తెలిస్తే, 105 పౌన్లు దాటుతాయని ముందే తెలిసినట్లే. మొదటిరోజే కార్డు కొనవచ్చు.

నగరం లోపల

లండను నగరంలోనే ఉంటూ భూగర్భరైలులోను, బస్సులలోను తిరిగేవారికి ఈ భారం కొంత తగ్గింది. అక్కడ ఆయిస్టరు కార్డు 2003లో వచ్చింది. బ్యాంకు కార్డును తాకించి ప్రయాణించే పద్ధతి 2012లో బస్సులలోను, 2014లో భూగర్భరైళ్ళలోను మొదలైంది. ఇందులో రోజుకు ఇంత, వారానికి ఇంత అని ఒక పరిమితి ఉంటుంది. ఖర్చు ఆ పరిమితిని చేరిన తరువాత యంత్రమే వసూలు ఆపుతుంది. అంటే పైన చెప్పిన లెక్కలో కొంత భాగాన్ని యంత్రమే మన తరఫున వేస్తుంది.

అయినా రెండు జాగ్రత్తలు అవసరం. వారపు పరిమితి సోమవారంనుంచి ఆదివారం వరకే లెక్కింపబడుతుంది. గురువారంనాడు పని మొదలుపెట్టి తరువాతి బుధవారంతో ముగించేవారి ప్రయాణాలు రెండు వారాలమధ్య చీలిపోయి, పరిమితిని చేరకపోవచ్చు. అట్టివారు ఏ రోజునుంచైనా ఏడు రోజులు చెల్లే ట్రావెల్‌కార్డు ధరతో పోల్చి చూసుకోవాలి. రెండవది, ఉదయం ప్లాస్టిక్ కార్డును, సాయంత్రం ఫోనును తాకిస్తే, బ్యాంకు ఖాతా ఒకటే అయినా యంత్రం వాటిని ఇద్దరు వేరువేరు ప్రయాణికులుగా భావిస్తుంది. ఎప్పుడూ ఒకదానినే వాడాలి.

టికెట్టును విడగొట్టడం

కొన్ని మార్గాలలో మొత్తం దూరానికి ఒకే టికెట్టు కొనడంకన్నా, మధ్యలో ఒక స్టేషను వరకు ఒకటి, అక్కడినుంచి మరొకటి కొంటే చౌక అవుతుంది. ధరలు దూరాన్నిబట్టి మాత్రమే కాక, చారిత్రకంగా ఏర్పడిన కారణాలవల్ల కూడా నిర్ణయమవుతుండడమే ఇందుకు మూలం. ఇది నిబంధనలకు లోబడినదే. అయితే రెండు టికెట్లూ విడి టికెట్లయితే, రైలు ఆ మధ్యస్టేషనులో ఆగి తీరాలి. మనం దిగనవసరం లేదు. అలాగే కొన్ని మార్గాలలో, నెమ్మదిగా వెళ్ళే రైళ్ళకు మాత్రమే చెల్లే తక్కువ ధర టికెట్లు కూడా దొరుకుతాయి. పది పదిహేను నిమిషాల ఆలస్యాన్ని సహించగలవారు వాటినీ విచారించాలి.

పోయిన సొమ్ము, పోనున్న సొమ్ము

ఇక మా మేనకోడలి సంగతి. వారానికి మూడు రోజులు చాలునని తెలిసిన ఆ శుక్రవారం మేము చేయవలసిన పని ఒకటుండెను. నెల టికెట్టును వాపసు ఇవ్వవచ్చు. కనీసం ఏడు రోజుల గడువు మిగిలి ఉంటే, అప్పటివరకు వాడుకొన్న కాలానికి తగిన టికెట్టు వెలను, కొద్దిపాటి రుసుమును మినహాయించుకొని మిగిలినది తిరిగి ఇస్తారు. మొదటివారం ముగియగానే ఇచ్చి ఉంటే, మన అంకెలలో 368.64 నుంచి 96 పోగా 272.64 పౌన్లు, రుసుము మినహా, చేతికి వచ్చేవి. రెండు వారాలు ఆగితే 176.64 మాత్రమే. మూడు వారాలు ఆగితే 80.64. ఈ సొమ్ము ఎండలో మంచుగడ్డవలె రోజురోజుకూ కరిగిపోతుంది.

మేము ఇవ్వలేదు. ‘కొన్నాం గదా, మళ్ళీ ఐదు రోజులు రమ్మంటారేమో’ అన్నాను. నా సలహా తప్పని ఒప్పుకోవడానికి మనస్సు రాలేదన్నది నిజం. ఖర్చయిపోయిన సొమ్మును తలచుకొని ముందున్న నిర్ణయాన్ని చెడగొట్టుకోవడాన్ని అర్థశాస్త్రవేత్తలు ఒక సహజమైన మానవ దోషంగా వర్ణిస్తారు. పోయిన సొమ్ము ఏ నిర్ణయంవల్లా తిరిగి రాదు. చూడవలసినది ఇకపై పోనున్న సొమ్మును, రాగల సొమ్మును మాత్రమే.

ఆ నెలలో ఆమె వెళ్ళింది 14 రోజులు. రైలుకార్డు కొని విడి టికెట్లు తీసుకొని ఉంటే 35 + 224 = 259 పౌన్లు. మేము పెట్టినది 368.64. తేడా సుమారు 110 పౌన్లు, ఆనాటి మారకంలో పదకొండు వేల రూపాయలకు పైమాట. నాలుగవ వారంలో తోటి వైద్యురాలి ద్వారా 26 నుంచి 30 ఏళ్ళవారి కార్డు గురించి విని, ఆ రాత్రి భోజనాల బల్లమీద కాగితం పరచి ఆమే ఈ లెక్కంతా వేసింది.

‘మామయ్యా, ఎన్ని రోజులు వెళతానో నాకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు. తెలియనిదానికి నెల టికెట్టు ఎందుకు కొన్నాం?’ అని అడిగింది. ఆ మాటలో నింద లేదు. అయినా నాకు జవాబు దొరకలేదు. ‘నాన్నకు చెప్పకండి, బాధపడతారు’ అని మాత్రం అన్నది.

మిగిలిన వారాలకు ఆమె కార్డు కొనుక్కొన్నది. తరువాత పరిశీలనాకాలాన్ని మరికొన్ని వారాలు పొడిగించినప్పుడు, మళ్ళీ నా సలహా అడగలేదు. అడగవలసిన అవసరం కూడా లేదు.

కనుక పాఠకులకు నా మనవి. మీ ఇంటికి స్వదేశంనుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు దారి చెప్పేటప్పుడు, మన అనుభవాన్ని నమ్మి వెంటనే సలహా ఇవ్వకండి. నిశ్చయంగా వెళ్ళే రోజులెన్ని, ఏ రాయితీ కార్డుకు అర్హత ఉన్నది, వాపసు నియమమేమిటి - ఈ మూడూ వారితో కూర్చొని ఒక కాగితంమీద వ్రాయండి. ఒక భాగహారం చేయండి. ఏమీ తెలియనప్పుడు చిన్న టికెట్టుతో మొదలుపెట్టి, సమతుల్య బిందువు చేరినప్పుడు పెద్దదానికి మారండి. ధరలు తరచు మారుతుంటాయి గనుక కొనేరోజున మరొకసారి సరిచూసుకోండి. ఏరు ఈదే ముందు లంకలో మేత ఎంతున్నదో చూసుకోవడం గేదెకు సాధ్యం కాకపోవచ్చు. మనకు సాధ్యమే.